పాత జర్మన్ చర్చి పుస్తకాల్లో పదవుల పేర్లు: "గ్రేట్ బ్రిటన్ రాజుగారి ఆమ్ట్స్‌ఫోగ్ట్" అంటే ఎవరు?

త్సెల్లె_కోడలు:

అందరికీ నమస్కారం. మాది విజయవాడ. పెళ్లయ్యాక ఉత్తర జర్మనీలో త్సెల్లె అనే ఊరి దగ్గర ఉంటున్నాం. మా ఆయన వైపు వంశవృక్షం రాసే పని నా నెత్తిన పడింది. మా అత్తగారికి చూపు ఆనదు, మా ఆయనకు ఓపిక లేదు. మా పాపకేమో స్కూల్లో ఫ్యామిలీ హిస్టరీ ప్రాజెక్ట్ ఇచ్చారు.

ఈ ప్రాంతం 1866లో ప్రష్యాలో కలిసింది. ప్రష్యాలో 1874 అక్టోబరు నుంచి ప్రభుత్వ రిజిస్టర్లు ఉన్నాయి కాబట్టి అంతవరకు బండి సాఫీగానే నడిచింది. దానికి ముందంతా చర్చి పుస్తకాలే. పాత కుర్రెంట్ రాత కూడబలుక్కుని చదువుతున్నాను. ఇప్పుడు 1768 నాటి ఒక పెళ్లి నమోదు దగ్గర ఆగిపోయాను. నాకు అర్థమైనంతలో ఇలా ఉంది:

"హెర్ యోహాన్ క్రిస్టోఫ్ (ఇంటిపేరు), కోనిగ్ల్. గ్రోస్‌బ్రిట్. ఉంట్ కుర్‌ఫ్యుర్స్ట్ల్. బ్రౌన్ష్వ. ల్యూనెబ్. ఆమ్ట్స్‌ఫోగ్ట్ ఆల్‌హియర్, మిట్ యుంగ్‌ఫర్ డొరొతేయా, వైల్. హెర్న్ సూపరింటెండెంటెన్..." చివర్లో ఆమె ఆయనకు సొంత కూతురని ఉంది.

మా అత్తగారింట్లో తరతరాలుగా ఒక మాట ఉంది: "మన పూర్వీకుల్లో ఒకాయన ఇంగ్లండ్ రాజు దగ్గర పనిచేశాడు" అని. "గ్రోస్‌బ్రిట్." కనిపించగానే ఇంట్లో అందరికీ హుషారొచ్చింది. నిజంగా బ్రిటిష్ ఉద్యోగేనా? ఆమ్ట్స్‌ఫోగ్ట్ అంటే ఆన్‌లైన్‌లో ఒకచోట పోలీసు అని, ఒకచోట జమాబందీ అధికారి అని, ఇంకోచోట జైలరు అని ఉంది. సూపరింటెండెంట్ అంటే దేనికి సూపరింటెండెంట్? ఇంకో వింత కూడా ఉంది. ఏడాది తర్వాత పుట్టిన బిడ్డకు జ్ఞానతల్లిగా "ఫ్రౌ ఆమ్ట్స్‌ష్రైబెరిన్" అని రాశారు. ష్రైబర్ అంటే గుమాస్తా కదా, 1769లో ఆడవాళ్లకు సర్కారు ఉద్యోగాలుండేవా?

బెర్లిన్_బుల్లోడు:

అక్కా, బకింగ్‌హామ్ ప్యాలెస్‌లో ఒక గది అడగండి. మేమంతా సాక్షి సంతకాలు పెడతాం.

పాతదస్త్రం:

బుల్లోడూ, ఆగు నాయనా. అమ్మా, ఒక్కొక్కటీ చూద్దాం. ముందు ఆ బ్రిటన్ సంగతి.

1714లో హనోవర్ (అప్పట్లో మీ త్సెల్లె ఉన్న రాజ్యం) పాలకుడు జార్జ్ లుడ్విగ్ ఇంగ్లండుకు రాజయ్యాడు. అక్కడ మొదటి జార్జ్ అని పిలిచారు. అప్పటి నుంచి 1837 దాకా రెండు రాజ్యాలకూ రాజు ఒకడే. అయితే రెండింటి ప్రభుత్వాలూ చట్టాలూ ఖజానాలూ వేరువేరు. లండన్‌లో జర్మన్ చాన్సరీ అని ఒక కార్యాలయం ఉండేది, హనోవర్ ఫైళ్లు రాజుగారి దగ్గరికి దాని ద్వారా వెళ్లేవి. 1837లో విక్టోరియా రాణి అయింది. హనోవర్ వారసత్వ నియమం ప్రకారం మగ వారసులుండగా ఆడవాళ్లకు సింహాసనం దక్కదు. అందుకని ఆమె బాబాయి ఎర్న్‌స్ట్ ఆగస్ట్ అక్కడ రాజయ్యాడు. ఆ ఏడాదితో బంధం తెగింది.

1768లో రాజు మూడో జార్జ్. ఆయన అక్కడ రాజు, ఇక్కడ కుర్‌ఫ్యుర్స్ట్, అంటే పవిత్ర రోమన్ సామ్రాజ్యం (అప్పటి జర్మన్ సంస్థానాల కూటమి) చక్రవర్తిని ఎన్నుకునే హక్కున్న ప్రభువు. కాబట్టి హనోవర్‌లోని సర్కారు ఉద్యోగి బిరుదు ముందు రెండూ కలిపి రాసేవారు: "గ్రేట్ బ్రిటన్ రాజుగారి, బ్రౌన్ష్వైగ్-ల్యూనెబుర్గ్ ప్రభువుగారి" ఫలానా అధికారి అని. బ్రౌన్ష్వైగ్-ల్యూనెబుర్గ్ అంటే హనోవర్ అధికారిక పేరే. ఆయన ఇంగ్లండ్ ముఖం చూసి ఉండకపోవచ్చు. చూశాడనడానికి ఈ వాక్యం ఆధారం కాదు. మీ అత్తగారి మాట మాత్రం అబద్ధమేమీ కాదు. జీతమిచ్చిన దొర పేరు నిజంగా ఇంగ్లండ్ రాజే.

ఇలాంటి బిరుదులు ఇంకా ఉన్నాయి. 1697 నుంచి 1763 దాకా మధ్యలో కొన్నాళ్లు తప్ప సాక్సనీ పాలకులే పోలండుకు రాజులు. అందువల్ల డ్రెస్డెన్ పక్క పల్లెలో పుట్టి పెరిగిన ఉద్యోగి బిరుదు కూడా "పోలండ్ రాజుగారి" అని మొదలవుతుంది. దాన్ని చూసి పోలండ్ వెళ్లి వెతికినవాళ్లు నాకు తెలుసు. ఓల్డెన్‌బుర్గ్ 1773 దాకా డెన్మార్క్ రాజు కింద ఉంది. పశ్చిమ పొమెరేనియాలో ఒక భాగం 1815 దాకా స్వీడన్ కింద ఉంది. కాబట్టి బిరుదులో రాజు పేరు కనబడితే ఆ ఏడాది ఆ ఊరి మీద పెత్తనం ఎవరిదో మాత్రమే తెలుస్తుంది, మనిషిది ఏ దేశమో తెలియదు.

బెర్లిన్_బుల్లోడు:

గది క్యాన్సిల్.

పాతదస్త్రం:

ఇక ఆమ్ట్స్‌ఫోగ్ట్. "ఆమ్ట్" అంటే ఇప్పుడు ఆఫీసు అని అర్థం చెప్పుకుంటాం. ఆ కాలంలో అది ఒక పాలనా ప్రాంతం, కొన్ని పల్లెల సముదాయం. దాని మీద అధికారి ఆమ్ట్‌మాన్. అతని కింద ఆమ్ట్స్‌ష్రైబర్. ఇతను ఉత్త గుమాస్తా కాడు, ఆ ఆఫీసులో రెండో పెద్ద. చాలామంది లా చదివినవాళ్లు, తర్వాత ఆమ్ట్‌మాన్‌గా ఎదిగినవాళ్లు. త్సెల్లె చుట్టుపక్కల కొన్ని ప్రాంతాలను ఆమ్ట్ అనకుండా ఆమ్ట్స్‌ఫోగ్టై అనేవారు. హెర్మన్స్‌బుర్గ్, బెర్గెన్, విన్సెన్ అలాంటివే. వాటికి పెద్ద ఆమ్ట్స్‌ఫోగ్ట్. వీళ్లందరి మీదా త్సెల్లెలో గ్రోస్‌ఫోగ్ట్ ఉండేవాడు.

మీకు ఆన్‌లైన్‌లో మూడు రకాల అర్థాలు దొరికింది అందుకే. వేరే సంస్థానాల్లో "ఫోగ్ట్" అంటే సమన్లు అందించే చిన్న నౌకరు కావచ్చు, కోట కాపలాదారు కావచ్చు. మీ ప్రాంతంలో మీ కాలంలో ఆమ్ట్స్‌ఫోగ్ట్ అంటే ఆ పది పదిహేను పల్లెలకు సర్కారే. శిస్తు వసూలు, చిన్న నేరాల విచారణ, రోడ్లు, అడవి తగాదాలు అన్నీ ఆయన బల్ల మీదికే వచ్చేవి.

వకీలు_కరీంనగర్:

పాతదస్త్రం గారూ, అయితే ఇది మా నిజాం ఇలాకాలో పటేల్ పట్వారీల వ్యవస్థ లాంటిదేనా? మా ఊళ్లో మాలీ పటేల్ శిస్తు చూసేవాడు, పోలీస్ పటేల్ తగాదాలు చూసేవాడు. అంతా వంశపారంపర్యం.

పాతదస్త్రం:

పోలిక ఒక మెట్టు కిందికి దిగింది వకీలు గారూ. మీ పటేలుకు సరితూగేవాడు అక్కడ బావర్‌మైస్టర్, ఊళ్లో రైతుల్లోంచే ఒకడు. తూర్పు వైపు, అంటే బ్రాండెన్‌బుర్గ్, సైలీసియాల్లో అతన్ని షుల్ట్సె అంటారు. అక్కడ ఎర్బ్‌షుల్ట్సె అని ఉంటే వంశపారంపర్యం అని అర్థం, ఆ పదవితో పాటు భూమి కూడా ఉంటుంది. ఆమ్ట్స్‌ఫోగ్ట్ పై నుంచి నియమితుడైన అధికారి. పాతకాలపు తహసీల్దారుకు మేజిస్ట్రేటు అధికారం కూడా ఇస్తే ఎలా ఉంటుందో అలా అనుకోండి.

వకీలు_కరీంనగర్:

మరి శిస్తు వేసేవాడే తీర్పూ చెబితే రైతు ఎవరికి మొరపెట్టుకోవాలి?

పాతదస్త్రం:

అడగాల్సిన ప్రశ్నే. పై కోర్టులు ఉండేవి. జస్టిస్‌కాన్ట్స్‌లై అని ఒకటి, దాని పైన త్సెల్లెలో 1711లో పెట్టిన ఓబర్‌ఆపెలాట్సియోన్స్‌గెరిష్ట్, అంటే పెద్ద అప్పీళ్ల కోర్టు. చిక్కు కేసు వస్తే ఫైలు మొత్తం కట్టగట్టి యూనివర్సిటీ లా ప్రొఫెసర్ల దగ్గరికి పంపి తీర్పు రాయించుకునే పద్ధతి కూడా ఉండేది. అయినా మీరన్న లోపం నిజమే. దాన్ని సరిచేయడానికి 1852 దాకా పట్టింది. ఆ ఏడాదే హనోవర్‌లో పాలనను, న్యాయాన్ని విడగొట్టి ఆమ్ట్స్‌గెరిష్ట్‌లు పెట్టారు. అప్పటి నుంచి ఆమ్ట్‌మాన్ కలెక్టరు పని చేస్తాడు, ఆమ్ట్స్‌రిష్టర్ జడ్జి. జర్మనీ మొత్తానికి ఒకే రకం కోర్టులు వచ్చింది 1879 అక్టోబరులో.

వంశవృక్షం రాసేవాళ్లకు ఇది ఎందుకంటే, 1800 నాటి ఆమ్ట్‌మాన్ ఇంట్లో కోర్టు ఫైళ్లు కూడా పుడతాయి. మీ పూర్వీకుడు రైతు అయితే ఆయన పేరు ఆ ఫైళ్లలో దొరకొచ్చు. 1860 నాటి ఆమ్ట్‌మాన్ కాగితాల్లో అలాంటివి వెతికి లాభం లేదు.

ఇంకొక మెలిక. ప్రష్యాలో రాజుగారి వ్యవసాయ భూములను పెద్ద కౌలుకు తీసుకున్న రైతులకు కూడా ఆమ్ట్‌మాన్, ఓబర్‌ఆమ్ట్‌మాన్ అనే బిరుదులు ఇచ్చేవారు. వాళ్లకు కోర్టు లేదు, ఆఫీసు లేదు, పశువులూ పొలమూ ఉన్నాయి. కాబట్టి ఆమ్ట్‌మాన్ అని కనబడగానే అధికారి అని రాసేయకండి.

త్సెల్లె_కోడలు:

ఇంత వివరంగా చెప్పినందుకు చాలా థాంక్స్ అండి. ఇంట్లో చదివి వినిపించాను. మా అత్తగారు "జీతమిచ్చింది ఇంగ్లండ్ రాజే కదా" అని అక్కడే పట్టుకుని కూర్చున్నారు. సూపరింటెండెంట్ గురించి, ఆ ఆడగుమాస్తా గురించి కూడా ఎవరైనా చెప్పండి.

ఫ్రాంక్‌ఫర్ట్_పద్మ:

నేను చెబుతాను. మా వారి వైపు వరసగా పాస్టర్లే కాబట్టి చర్చి సరుకు నా దగ్గర బోలెడుంది.

ఆడగుమాస్తా సంగతి తేలిక. ఆమె ఆమ్ట్స్‌ష్రైబర్ గారి భార్య. ఆ రోజుల్లో భర్త పదవికి చివర "ఇన్" చేర్చి భార్యను పిలిచేవారు. పాస్టోరిన్, సూపరింటెండెంటిన్, ఆమ్ట్‌మెనిన్ అన్నీ అలాంటివే. ఇప్పుడు పాస్టోరిన్ అంటే మహిళా పాస్టర్. 1740లో పాస్టోరిన్ అంటే పాస్టరమ్మ గారు. ఇంటిపేరుకు కూడా అదే ముక్క అతికిస్తారు, "మ్యుల్లెరిన్" అంటే మ్యుల్లర్ గారింటి ఆడమనిషి. తెలియనివాళ్లు మ్యుల్లెరిన్ అనే ఇంటిపేరుతో వెతికి అలసిపోతారు.

సూపరింటెండెంట్ అంటే లూథరన్ చర్చిలో కొన్ని పారిష్‌ల పాస్టర్ల మీద పర్యవేక్షకుడు. ఆయన కూడా పాస్టరే, తన సొంత చర్చిలో ప్రసంగం చేస్తూనే మిగతావాళ్లను తనిఖీ చేస్తాడు. హనోవర్‌లో ఆయన పరిధిని "ఇన్‌స్పెక్ట్సియోన్" అనేవారు. దాని పైన గెనెరాల్‌సూపరింటెండెంట్, ఆ పైన కాన్సిస్టోరియుమ్. బిషప్పులు లేరు. లూథరన్ రాజ్యాల్లో 1918 దాకా రాజే చర్చికి పెద్ద, ఆయన తరఫున కాన్సిస్టోరియుమ్ నడిపేది. అందులో పాస్టర్లూ ఉంటారు, లాయర్లూ ఉంటారు. పెళ్లి మాట తప్పిన కేసులు, విడాకులు అక్కడికే వెళ్లేవి. అందుచేత "కాన్సిస్టోరియాల్‌రాట్" అని కనబడితే ఆయన పాస్టరే అని అనుకోకండి, జీవితంలో ఒక్క ప్రసంగం కూడా చేయని వకీలు కావచ్చు.

మీ నమోదులో "వైల్." అన్నది వైలాండ్, అంటే కీర్తిశేషులు. ఆ ఒక్క ముక్కతో సూపరింటెండెంట్ గారు 1768 కల్లా పోయారని తేలింది. ఆయన మరణ నమోదు ఆ ఏడాదికి ముందు వెతకండి. "గెవేజెనర్" అని ఉంటే మాత్రం మాజీ అని అర్థం, మనిషి బతికే ఉండొచ్చు. వీటిని కలిపేసుకుంటే ఏళ్లన్నీ తారుమారవుతాయి.

పట్నం చర్చిల్లో ఇంకో తిరకాసు. డియాకోనుస్ అంటే ఈనాటి డీకన్ కాదు. దీక్ష పొందిన పూర్తి స్థాయి పాస్టరే, కాకపోతే ఆ చర్చిలో కింది స్థానం. ఆయన పైన ఆర్కిడియాకోనుస్, అందరి పైన పాస్టోర్ ప్రిమారియుస్. అడ్యుంక్ట్ అంటే ముసలి పాస్టరుకు తోడుగా వచ్చిన కుర్ర పాస్టర్, చాలాసార్లు "తర్వాత కుర్చీ నీదే" అన్న హామీతో వస్తాడు. ఆ ఇంటి అమ్మాయినే చేసుకోవడం కూడా మామూలే. ల్యూబెక్‌లో మారియన్ చర్చి ఆర్గనిస్ట్ (ఆర్గన్ వాయించే సంగీతకారుడు) బుక్స్‌టెహూడె కథ వినే ఉంటారు. 1668లో తన ముందున్న ఆర్గనిస్ట్ కూతురిని పెళ్లాడాడు. ముసలితనంలో తన కూతురిని చేసుకునేవాడికే ఉద్యోగం దక్కేలా చూశాడు. 1703లో కుర్ర సంగీతకారులైన హాండెల్, మాటెసన్ వచ్చి చూసి వెనక్కి వెళ్లిపోయారు. చివరికి షీఫెర్‌డెకర్ అనే ఆయన 1707లో ఉద్యోగమూ పెళ్లీ రెండూ చేసుకున్నాడు.

ఆ బుక్స్‌టెహూడెకు వెర్క్‌మైస్టర్ అనే పదవి కూడా ఉంది. చూస్తే మేస్త్రీ అనిపిస్తుంది. అసలు పని చర్చి లెక్కలు, జమాఖర్చులు, కట్టడాల బాగోగులు.

సూళ్లూరుపేట_సామ్యూల్:

వందనాలండి. మా సంఘం సౌత్ ఆంధ్రా లూథరన్. 1860ల్లో హెర్మన్స్‌బుర్గ్ నుంచి ఆగస్ట్ మైలియుస్ గారు వచ్చి మా వైపు మిషన్ మొదలుపెట్టారు. పైన హెర్మన్స్‌బుర్గ్ పేరు చూసి ఆగాను. మా సంఘం చరిత్ర రాస్తూ ఒక జర్మన్ మిషనరీ గురించి అక్కడి నుంచి నకలు తెప్పించాం. అందులో తండ్రి వివరం "కోట్నర్ ఉంట్ కిర్షెన్‌యురాట్" అని ఉంది. మా కమిటీలో ఒకాయన "యురాట్ అంటే జ్యూరీ, ఆయన కోర్టు మనిషి" అంటున్నారు. పుస్తకంలో అలాగే వేసేయమంటారా?

ఫ్రాంక్‌ఫర్ట్_పద్మ:

వేయకండి సామ్యూల్ గారూ. యురాట్ అంటే ప్రమాణం చేసినవాడు. కిర్షెన్‌యురాట్ అంటే చర్చి ఆస్తులు చూసే సంఘ పెద్ద. చందాలు, చర్చి భూమి కౌలు, పైకప్పు మరమ్మతు ఖర్చు అన్నీ రాసి పాస్టరుకు లెక్క చెప్పాలి. దిగువ సాక్సనీలో ఎక్కువగా వినపడే పదం. ఊళ్లో నమ్మకమున్న రైతుకే ఇస్తారు.

కోట్నర్ అనేది పదవి కాదు. చిన్న ఇల్లు, కొంచెం భూమి ఉన్న రైతు అని. ఆ రెండు ముక్కలూ కలిపి చూస్తే మీకు మంచి సమాచారమే దొరికింది: పెద్ద భూస్వామి కాడు, అయినా ఊళ్లో మాటకు విలువున్న మనిషి. హెర్మన్స్‌బుర్గ్‌లో లుయీ హార్మ్స్ 1849లో మిషన్ బడి పెట్టింది అలాంటి రైతు కుర్రాళ్ల కోసమే.

సూళ్లూరుపేట_సామ్యూల్:

సంఘ పెద్ద అని వేస్తాం. మాకు కూడా అదే సరిగ్గా అతుకుతుంది. ఇంకొకటి, వేరే మిషన్ల కాగితాల్లో "ఇన్‌స్పెక్టర్" అని పెద్ద సంతకాలు ఉంటాయి. అది?

పాతదస్త్రం:

అది పోలీసు కాదు. బాసెల్, బార్మెన్ మిషన్లలో మొత్తం సంస్థను నడిపే పెద్దను ఇన్‌స్పెక్టర్ అనేవారు. బాసెల్‌లో యోసెన్‌హాన్స్, బార్మెన్‌లో ఫాబ్రి అలాంటివాళ్లే. ఊరి పాస్టరే బడిని తనిఖీ చేసే రోజుల్లో ఆయన లోకాల్‌షూల్‌ఇన్‌స్పెక్టర్. మెక్లెన్‌బుర్గ్ జమీందారీల్లో ఇన్‌స్పెక్టర్ అంటే పొలం పనులు చేయించే మేనేజర్. ఎవరి సంతకమో, ఏ కాగితమో చూడకుండా ఆ పదానికి అర్థం రాయకూడదు.

బెర్లిన్_బుల్లోడు:

ఇప్పుడు నా వంతు. నా రూమ్మేట్ జర్మన్. వాళ్ల తాతల్లో ఒకాయన పదవి "నాఖ్‌రిష్టర్" అట. రిష్టర్ అంటే జడ్జి కదా, వాడు ఆరు నెలలుగా "మాది న్యాయమూర్తుల వంశం" అని కోస్తున్నాడు. నాఖ్ అంటే తర్వాత. అసిస్టెంట్ జడ్జి అయ్యుంటాడా?

పాతదస్త్రం:

జడ్జి తర్వాత పని మొదలయ్యేవాడు. తల నరికేవాడు.

బెర్లిన్_బుల్లోడు:

అయ్యో. వాడికి ఎలా చెప్పాలి? ఈ రాత్రి బీరు వాడే కొంటున్నాడు.

వకీలు_కరీంనగర్:

బీరు అయ్యాక చెప్పు తమ్ముడూ.

పాతదస్త్రం:

షార్ఫ్‌రిష్టర్ అన్నా అదే. సిగ్గుపడాల్సిన పనేం లేదు, పరిశోధనకు మాత్రం చాలా అనుకూలమైన వంశం. ఆ రోజుల్లో ఈ వృత్తిని "ఉన్‌ఎర్‌లిష్", అంటే గౌరవం లేనిదిగా చూసేవారు. కాబట్టి పెళ్లిళ్లు అదే వృత్తి కుటుంబాల మధ్యే జరిగేవి. జ్ఞానతల్లిదండ్రులు కూడా వాళ్లలోంచే. ఒక ఊళ్లో దొరికిన పేరు పట్టుకుంటే చుట్టుపక్కల పది ఊళ్లలో చుట్టాలు బయటపడతారు. ఎముకలు సరిచేయడం, పశువులకు, మనుషులకు మందులివ్వడం కూడా వీళ్లు చేసేవారు. 1731లో వచ్చిన సామ్రాజ్య శాసనం ఇలాంటి చాలా వృత్తుల పిల్లలను చేతివృత్తుల సంఘాల్లో చేర్చుకోవాలని చెప్పింది, కానీ ఊళ్లు అంత తొందరగా మారలేదు.

మీ రూమ్మేట్‌కు ఒక మాట చెప్పు. నమోదులో పేరు ముందు "హెర్" ఉందా, "మైస్టర్" ఉందా చూడమను. 18వ శతాబ్దంలో హెర్ అనేది అందరికీ రాసేది కాదు, పెద్ద హోదా ఉన్నవాళ్లకే. నిజంగా జడ్జి అయితే హెర్ లేకుండా ఏ పాస్టరూ రాయడు.

ఫ్రాంక్‌ఫర్ట్_పద్మ:

ఇది చాలా ముఖ్యం. నేనైతే పదవి పేరు కంటే ముందు దాని చుట్టూ ఉన్న విశేషణాలు చూస్తాను. పాస్టరుకు "వోల్‌ఎర్‌వ్యుర్డిగ్", ఆయన పైవాళ్లకు "హోఖ్‌ఎర్‌వ్యుర్డిగ్". "హోఖ్‌వోల్‌గెబోరెన్" అంటే సాధారణంగా కులీన వంశం. ఉత్త "వోల్‌గెబోరెన్" అయితే పెద్ద ఉద్యోగి. పాస్టర్లు వీటిని తప్పు రాస్తే మాట పడాలి కాబట్టి జాగ్రత్తగా రాసేవారు.

వకీలు_కరీంనగర్:

దర్బారు పదవుల గురించి కూడా చెప్పండి. హోఫ్‌రాట్ అంటే ఆస్థాన మంత్రా?

ఫ్రాంక్‌ఫర్ట్_పద్మ:

ఒక్కోసారి నిజంగా సలహాదారు. చాలాసార్లు గౌరవ బిరుదే, పనీ ఉండదు, జీతమూ ఉండదు. మా ఊరి ఉదాహరణే చెబుతాను. కవి గోథె తండ్రి ఫ్రాంక్‌ఫర్ట్‌లో లా చదివిన డబ్బున్న మనిషి. 1742లో ఏడో కార్ల్ చక్రవర్తి దగ్గర డబ్బు కట్టి "కైజర్‌లిషర్ రాట్", చక్రవర్తి సలహాదారు అనే బిరుదు తెచ్చుకున్నాడు. చక్రవర్తి ఆయన్ని ఏ సలహా అడగలేదు. గోథె తల్లి వైపు తాత మాత్రం ఆ ఊరికి షుల్ట్‌హైస్. అది అసలైన పదవి, నగరంలో అందరికంటే పెద్ద న్యాయాధికారి. అదే షుల్ట్‌హైస్ వుర్టెంబెర్గ్ పల్లెలో అయితే ఊరి పెద్ద, అంతే. పేరు ఒకటే, హోదాలో మాత్రం నక్కకూ నాకలోకానికీ ఉన్నంత తేడా.

సంగీతకర్త బాఖ్ సంగతి మీకు తెలుసు కదా. లైప్‌ట్సిగ్‌లో థామస్ స్కూల్ కాంటర్‌గా (చర్చి సంగీతం నడిపే గురువుగా) ఉంటూ, పైవాళ్లతో గొడవలు పడుతూ, డ్రెస్డెన్ దర్బారుకు అర్జీ పెట్టుకుని 1736లో "హోఫ్-కొంపోజిట్యోర్", అంటే ఆస్థాన సంగీతకర్త అనే బిరుదు సంపాదించాడు. ఉద్యోగం మారలేదు, ఊరూ మారలేదు. అవతలివాళ్లకు చూపించడానికి చేతిలో ఒక కాగితం వచ్చింది. ఆ బిరుదు ముందు కూడా పాతదస్త్రం గారు చెప్పిన "పోలండ్ రాజుగారి" ఉంటుంది.

కామర్‌హెర్, కామర్‌డీనర్ ఒకటి కాదు, జాగ్రత్త. మొదటివాడు దర్బారులో బంగారు తాళంచెవి పెట్టుకునే కులీనుడు. రెండోవాడు దొరగారికి బట్టలు తొడిగే సేవకుడు. పాత రాతలో "కామర్" మాత్రం చదవగలిగి మిగతాది ఊహిస్తే ఏడు తరాల హోదా మారిపోతుంది.

పాతదస్త్రం:

చక్రవర్తి పేరుతో ఇంకొకటి. "నోటారియుస్ కేసారేయుస్ పుబ్లికుస్" అని సంతకాలు కనిపిస్తాయి. చూస్తే చక్రవర్తి ఆస్థానంలో రాయసగాడు అనిపిస్తుంది. నిజానికి చిన్న పట్నంలో కూర్చుని వీలునామాలు రాసే నోటరీ. చక్రవర్తి పేరుతో లైసెన్సు ఇచ్చే హక్కు కొందరికి ఉండేది, వాళ్ల దగ్గర తీసుకుంటాడు. 1806లో సామ్రాజ్యమే పోయింది, దాంతో ఆ బిరుదూ పోయింది.

అమ్మా త్సెల్లె కోడలూ, మీ ఆమ్ట్స్‌ఫోగ్ట్ సర్కారు మనిషి కాబట్టి ఆయన పేరు స్టాట్స్‌కాలెండర్‌లో ఉండాలి. హనోవర్ ప్రభుత్వం ఏటా అచ్చు వేయించిన అధికారుల పట్టిక అది. ఏ ప్రాంతానికి ఎవరు ఆమ్ట్‌మాన్, ఎవరు ఆమ్ట్స్‌ష్రైబర్, ఎవరు సూపరింటెండెంట్, అన్నీ ఉంటాయి. చాలా ఏళ్లవి స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో పెట్టారు, అచ్చక్షరాలు కాబట్టి కుర్రెంట్ బాధ లేదు. వరసగా పది సంపుటాలు తిరగేస్తే ఆయన ఏ ఏడు ఎక్కడున్నాడో తెలుస్తుంది. పేరు మాయమైన ఏడాది దగ్గర మరణ నమోదు వెతకండి. పదం అర్థం కావాలంటే క్ర్యూనిట్స్ విజ్ఞానసర్వస్వం చూడండి. 1773లో మొదలై 242 సంపుటాలయింది, మీ పూర్వీకుడి కాలంలోనే రాసింది కాబట్టి ఈనాటి డిక్షనరీ కంటే నమ్మొచ్చు.

త్సెల్లె_కోడలు:

దొరికాడండీ! స్టాట్స్‌కాలెండర్‌లో మొదట ఇంకో ఆమ్ట్‌లో "ఆడిటర్" అని ఉంది, తర్వాత ఆమ్ట్స్‌ష్రైబర్, ఆ తర్వాత మా ఊళ్లో ఆమ్ట్స్‌ఫోగ్ట్. ఆడిటర్ అంటే ముందు లెక్కలు చూసే పనిలో ఉండేవాడేమో.

పాతదస్త్రం:

కాదమ్మా. హనోవర్‌లో ఆడిటర్ అంటే లా చదువు ముగించి పని నేర్చుకోవడానికి చేరిన కుర్రవాడు. కాబట్టి ఆయన యూనివర్సిటీకి వెళ్లి ఉండాలి. గోటింగెన్ 1737లో పెట్టారు, సొంత ప్రభువుగారి యూనివర్సిటీ. విద్యార్థుల చేరిక పట్టికలు అచ్చయ్యాయి. అక్కడ వెతకండి, సాధారణంగా ఏ ఊరివాడో కూడా రాస్తారు. తండ్రి దొరకడానికి అదే దగ్గరి దారి.

వకీలు_కరీంనగర్:

1810 ప్రాంతంలో స్టాట్స్‌కాలెండర్ తిరగేస్తే మీ ఆమ్ట్‌లన్నీ మాయమవుతాయట కదా? ఎక్కడో చదివాను.

పాతదస్త్రం:

నిజమే. నెపోలియన్ తమ్ముడు జెరోమ్ వెస్ట్‌ఫాలియా రాజుగా కాసెల్ నుంచి ఏలాడు. 1810 నుంచి 1813 దాకా త్సెల్లె కూడా అందులో ఉంది. ఆమ్ట్‌లు పోయి కాంటన్‌లు వచ్చాయి, ఊళ్లకు మేర్‌లు (ఫ్రెంచి పద్ధతి ఊరి పెద్దలు), చిన్న తగాదాలకు ఫ్రీడెన్స్‌రిష్టర్‌లు అనే జడ్జీలు. ఆ మూడు నాలుగేళ్లలో మీ రైతు పూర్వీకుడు "మేర్" అని కనిపిస్తే ఫ్రాన్స్ నుంచి వచ్చాడనుకోకండి. 1813 చివర్లో ఫ్రెంచివాళ్లు వెళ్లగానే పాత పేర్లు తిరిగొచ్చాయి.

త్సెల్లె_కోడలు:

సరేనండి, గోటింగెన్ పట్టికలు చూస్తాను. ఇంకో చిన్న డౌట్. డొరొతేయా చెల్లెలు ఒకావిడ, పెళ్లి కాలేదు, "కాన్వెంటువాలిన్, వీన్‌హౌజెన్" అని ఉంది. నాన్న లూథరన్ సూపరింటెండెంట్, కూతురు కాథలిక్ సన్యాసిని అయిందా? ఇంట్లో ఎవరికీ తెలియని గొడవ ఏదైనా జరిగిందా అని మా పాపకు ఒకటే ఉత్సాహం.

ఫ్రాంక్‌ఫర్ట్_పద్మ:

గొడవేం లేదు, పాపను నిరాశపరచక తప్పదు. త్సెల్లె పక్కనే ఉన్న వీన్‌హౌజెన్, ఇంకా లూనె, ఎబ్స్‌టోర్ఫ్, మేడింగెన్, ఈజెన్‌హాగెన్, వాల్స్‌రోడె మఠాలు లూథర్ మతసంస్కరణ తర్వాత మూతపడలేదు. లూథరన్ మఠాలుగా మారాయి. పెళ్లి కాని అధికారుల కూతుళ్లు, కులీనుల కూతుళ్లు అక్కడ గౌరవంగా ఉండేవారు. కాన్వెంటువాలిన్ అంటే ఆ మఠంలో స్థానం ఉన్న మహిళ, ఎబ్టిసిన్ అంటే వాళ్లకు పెద్ద. జీవితాంతం ఉండాలన్న ప్రమాణం లేదు, మంచి సంబంధం వస్తే పెళ్లి చేసుకుని వెళ్లిపోవచ్చు. కాబట్టి ఆవిడకు తర్వాత పెళ్లి నమోదు ఉందేమో చూడండి, అప్పుడే శాఖ మూసేయకండి.

పాపకు వింత కావాలంటే ఓస్నాబ్రుక్ కథ చెప్పండి. అక్కడ 1648 వెస్ట్‌ఫాలియా శాంతి ఒప్పందం తర్వాత ఒకసారి కాథలిక్ బిషప్, తర్వాత లూథరన్ బిషప్, అలా వంతులవారీగా ఉండేవారు. 1764లో లూథరన్ల వంతు వచ్చేసరికి మూడో జార్జ్ తన కొడుకు ఫ్రెడరిక్‌ను బిషప్‌ను చేశాడు. పిల్లవాడికి అప్పటికి ఏడాది కూడా నిండలేదు.

త్సెల్లె_కోడలు:

ఆ బిషప్ బాబు ప్రాజెక్టులోకి ఎక్కేశాడు! వీన్‌హౌజెన్ మా ఇంటికి దగ్గరే, ఆ మఠంలో ఇప్పటికీ మహిళలు ఉంటున్నారు. శనివారం పాపను తీసుకుని వెళ్తాను. పాత కాన్వెంటువాలిన్‌ల పట్టిక ఉందేమో అడగాలి. అక్కడ ఏ పేరుతో వెతకాలి, తండ్రి ఇంటిపేరుతోనా, "ఇన్" చేర్చిన దానితోనా?

ఫ్రాంక్‌ఫర్ట్_పద్మ:

రెండింటితోనూ అడగండి. తండ్రి పదవి కూడా చెప్పండి, ఒక్కోసారి పట్టికలో ఇంటిపేరు కంటే "సూపరింటెండెంట్ గారి కూతురు" అన్నదే స్పష్టంగా కనిపిస్తుంది.